మామిడిపండు ఐస్ టీ

మే నెల, మిట్టమధ్యాహ్నం. నంద్యాలలో పరుపులు కుట్టే లాల్ సాహెబ్ తన వంటింట్లో ఫోను గట్టు మీద పెట్టి, స్పీకరు వేసి, ఆళ్లగడ్డలో పుట్టింట్లో ఉన్న కోడలు అఫ్రీన్‌తో మాట్లాడుతున్నాడు.

"పాలు ఎందుకు పోసినావు మామా? దాంట్లో పాలు పోయకూడదు."

"టీ అంటే పాలు ఉండవా?"

"ఐస్ టీకి ఉండవు. పారబోసి మళ్లా నీళ్లు పెట్టు."

"ఇంకో గిన్నెలో పెట్టినాలే. మరుగుతాండాయి."

"అయితే పొయ్యి ఆర్పేయి. ఆర్పినాకనే టీ పొడి వెయ్యల్ల. మూత పెట్టి కొంచేపు వదిలేయి. ఉడకబెడితే చేదొస్తాది."

"ఎండాకాలమంతా నువ్వు చేసిస్తాంటివి. గ్లాసు చేతికొస్తే తాగిన్యా గానీ, ఎట్ల చేస్తాండావో ఏ పొద్దూ చూడలేదమ్మా."

"ఇప్పుడు మాత్రం ఎందుకు? నీ ఒక్కనికి ఇంత తిప్పలు పడవు నువ్వు."

"ఎవరో వస్తాండారు."

"ఎవరు?"

"వస్తాండారులే. పండ్లు ఏం చేయల్ల?"

"ఏం పండ్లు తెచ్చినావు?"

"బేనిషా మామిడి. మెత్తగా ఉండేవి ఏరుకొచ్చినా."

"చెక్కు తీసి ముక్కలు కొయ్యి. టెంక కాడ పీచు రానీయాకు. మామా, ఆ చప్పుడేంది? బర్రుమంటాండాది."

"ఫ్యాను."

"వంటింట్లో ఫ్యాను లేదు గదా."

"నీ గదిలోది."

"నా గదిలో ఎవరుండారు?"

"ఎవరుంటారు. ఊరికే వేసిపెట్టినా. ఇంట్లో ఏదో ఒక చప్పుడు ఉంటాది గదా అని."

"రాత్రిళ్లు గూడా వేస్తాండావా?"

"కరెంటు ఉంటే వేస్తా. ముక్కలు చిన్నగా కొయ్యల్లా, పెద్దగానా?"

"ఎట్లయినా మిక్సీకే గదా. అన్నం తింటాండావా?"

"తింటాండా. పక్కింటి సరోజమ్మ కూర పంపిస్తాండాది."

"సరోజమ్మ కూతురు కాన్పుకని పోయిందంట గదా. నాకు ఫోన్ చేసింది."

"పోకముందు పంపించిందమ్మా. మీ అమ్మ మోకాలు ఎట్లుండాది?"

"తక్కువయింది. నడుస్తాండాది."

"నడుస్తాండాదా. మంచిది."

"మామా, నన్ను రమ్మంటావా?"

"ఈపొద్దా? ఈపొద్దు వద్దు."

"రేపు?"

"చూద్దాంలే. టీ పొడి అడుక్కు దిగింది, వడగట్టేదా?"

"వడగట్టు. నేనొచ్చి ఇన్నాళ్లయింది, ఎప్పుడొస్తావని ఒక్కసారి గూడా అడగల్యా నువ్వు."

"అడిగితే వస్తావు. అందుకే అడగల్యా."

"నేను ఉండేది నీకు బరువైందా?"

"ఎంత మాటన్యావమ్మా. వడగట్టినా. ఇది ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?"

"వేడిది పెట్టాకు. పళ్లెంలో చన్నీళ్లు పోసి దాంట్లో గిన్నె పెట్టు. మామా, వచ్చేది ఎవరో చెప్పు. లేకపోతే ఫోన్ పెట్టేస్తా."

"పెట్టాకు. చెప్తా. ఉండు, చేతులు కడుక్కుంటా."

"చెప్పు."

"ఒక పిల్లోని తల్లి మన అంగడికొచ్చింది. పరుపు కుట్టించుకోడానికేమో అనుకోని దూది చూపించినా. ఆయమ్మ దూది చేతిలో పట్టుకోని, మీ కోడల్ని మా ఇంటికి కోడలిగా పంపిస్తారా అని అడిగింది."

"నువ్వేమన్యావు?"

"ఏమంటా. దూది తీసుకోని మళ్లా మూటలో పెట్టినా. ఆ మూటే మళ్లా విప్పినా. ఆయమ్మ పాపం, అట్లనే నిలబడింది."

"కోపమొచ్చిందా?"

"కోపం కాదమ్మా. భయమేసింది."

"మరి వద్దని చెప్పకపోయినావా?"

"చెప్పేటోన్నే. నోటిదాకా వచ్చింది. అప్పుడు నా కొడుకు అన్వర్ గుర్తొచ్చినాడు. బేతంచెర్ల నుంచి బండల లారీ ఏసుకోని పోతా, తెల్లారేసరికి వస్తా అని చెప్పిపోయినాడు. తెల్లారేసరికి శవమొచ్చింది. అప్పట్నుంచి నువ్వు నా ఇంట్లోనే ఉండిపోయినావు. దిండ్లకు గలీబులు కుట్టుకుంటా, నాకు అన్నం పెట్టుకుంటా. జనం మెచ్చుకుంటాండారు, కోడలంటే అట్లుండల్ల అని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు సిగ్గయితాది. నా ముసలితనానికి నీ వయసు పెట్టుకోని కూచున్న్యా."

"నువ్వు పెట్టుకోలేదు. నేనే ఉండిన్యా."

"నువ్వుంటానన్యావు, నేను సరే అన్యా. సరే అనడం నాకు సులువు గదా."

"నేను పోతే నువ్వెట్ల?"

"నాకేం. అంగడి ఉండాది."

"అంగడి సాయంత్రం మూస్తావు గదా."

"మూస్తా."

"మూసినాక?"

"ఇంటికొస్తా."

"ఇంటికొచ్చి?"

"పండు మిక్సీలో వెయ్యమంటావా?"

"వెయ్యి. నీళ్లు పొయ్యాకు."

"వేసినా. ఉండు, తిప్పుతా. ... గుజ్జయింది."

"ఆ గుజ్జు టీలో కలుపు. ఒక నిమ్మకాయ పిండు. పుదీనా ఉంటే రెండాకులు నలిపి వెయ్యి. వాళ్లు మా అమ్మను అడగలేదా?"

"అదే నాకు ఇచిత్రమైంది. ముందు మామను అడగండి, ఆయన సరే అంటేనే అని పిల్లోడు పట్టుపట్టినాడంట. లేకపోతే ఈ మాటే వద్దన్యాడంట. ఆ ఒక్క మాటకే రమ్మన్యా వాళ్లను. లేకుంటే నా అట్లాంటోన్ని ఎవరడుగుతారు?"

"ఏం చేస్తాడంట?"

"బెలుం గుహల కాడ చిన్న అంగడి ఉండాదంట. నేనింకా పిల్లోన్ని చూడలేదు. ఈపొద్దే చూసేది. తల్లి, చిన్నాయన, పిల్లోడు, ముగ్గురొస్తాండారు. నాకు నచ్చితే నీకు చెప్దామనుకున్యా. నచ్చకపోతే నీకు తెలియకుండానే పంపిచ్చేద్దామని."

"నచ్చకపోతేనా?"

"నచ్చితేనే కష్టం నాకు."

"మామా."

"ఏడుస్తాండావా?"

"లేదు. జలుబు."

"ఎండల్లో జలుబేందమ్మా. చూడు, నీకిష్టం లేకుంటే ఇప్పుడే చెప్పు. టీ తాగిచ్చి పంపిస్తా, ఏమీ అనుకోను. నీ గది నీకుంటాది."

"నీకు ఇష్టమేనా, అది చెప్పు."

"నాకు ఇష్టమా అంటే... రాత్రి మెలకువొచ్చినప్పుడు, ఇంట్లో ఎవరో ఉండారు అనుకుంటానే, అది ఇష్టం నాకు. కానీ దానికోసం ఒక మనిషిని కట్టేసుకోకూడదమ్మా. అందుకే పిలిపిచ్చినా. ఉండు, ఆటో ఆగినట్లుండాది వీధిలో. కాదులే, పక్కింటికి. తొందరగా చెప్పు, ఐసు ఇప్పుడెయ్యాల్నా?"

"వాళ్లు కూచున్నాక వెయ్యి. ముందే వేస్తే నీళ్లయితాది. స్టీలు గ్లాసులు కాదు, అలమరలో గాజువి ఉండాయి."

"తీసినా. దుమ్ము పట్టినాయి, కడుగుతా. ఇంగ చక్కెర ఒకటే. ఎంతెయ్యల్ల?"

"వాళ్లమ్మకు, చిన్నాయనకు రెండేసి స్పూన్లు వెయ్యి. ముబారక్ గ్లాసులో మాత్రం వెయ్యాకు. తీపి తాగడు."

"స్పూను గట్టు మీద పెట్టేసినా. అమ్మా, పిల్లోని పేరు నేను నీకింకా చెప్పల్యా."