క్లచ్ సంగతి అడగడానికి

ఒహాయోలో మొక్కజొన్న చేల నడుమ, తిన్నటి దారిలో రెండేసి కార్లు పోటీపడే డ్రాగ్ రేసుల మైదానం, ఆదివారం మిట్టమధ్యాహ్నం. మెకానిక్కు ఓపల్ కెటరింగ్ అనే ఆవిడ తను పనిచేసే టీము గుడారం కింద క్లచ్ విప్పుకుని కూర్చుని ఉండగా, ముసలి రేసరు వెర్లన్ స్ట్రౌడ్ వచ్చి పక్కనున్న పాత టైరు మీద చతికిలబడ్డాడు.

“రెండా, మూడా? ముందు అది తేల్చు ఓపల్.”

“డిస్కులేనా?”

“డిస్కులు కాక, ఐస్‌క్రీములా?”

“నీ కారుకి ఎప్పుడూ మూడేగా వెర్లన్. ఇప్పుడేంటి కొత్తగా అనుమానం?”

“ఊరికే. రెండైతే బరువు తగ్గుతుంది, గబుక్కున లేస్తుంది కదా అని.”

“లేస్తుంది. లేచి సగం దూరంలోనే చతికిలపడుతుంది. నీ ఇంజను జోరుకి రెండు డిస్కులు రొట్టెల్లా మాడిపోతాయ్.”

“సరే, మూడే. ఇనపవా, మామూలువా?”

“ఈ ఎండకి ఇనపవే. చూడు, తారు ఎలా మెత్తబడిందో. అంతా జారుడే.”

“మరి క్లచ్ వేళ్ళ మీద బరువులు?”

“తగ్గించాలి. ఇంజను జోరందుకునేకొద్దీ ఆ వేళ్ళు బయటికి విసురుకుని డిస్కుల్ని నొక్కుతాయా? ఇంత వేడిలో బరువెక్కువైతే క్లచ్ మొదట్లోనే గట్టిగా పట్టేస్తుంది. టైర్లు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి, జనానికి పొగ తప్ప కారు కనపడదు. ఇవన్నీ నీకు నేను చెప్పాలా?”

“చెప్పు, చెప్పు. వింటున్నా.”

“మొదట కొంచెం జారనివ్వాలి. బండి కదిలాక పట్టాలి. మా గేలార్డ్ ఎప్పుడూ అనేవాడు...”

“ఏమనేవాడు?”

“ఏదో అనేవాడులే.”

“చెప్పొచ్చుగా. మీ ఆయన నన్ను ఓడించినన్నిసార్లు ఇంకెవడూ ఓడించలేదు. ఆయన మాట వినే హక్కు నాకుంది.”

“తొందరపడేవాళ్ళంటే క్లచ్‌కి గిట్టదు అనేవాడు. పెళ్ళైన కొత్తల్లో అది నన్నే అన్నాడనుకుని వారం పాటు మాట మానేశా.”

“వారమే! పాపం, ఆ వారం హాయిగా నిద్రపోయుంటాడు.”

“నోర్ముయ్. శాండ్‌విచ్ తింటావా? బొలోనా మాంసం వేయించి పెట్టా.”

“తిన్నాలే.”

“ఎప్పుడు?”

“ఇందాక. ...సగం ఇవ్వు.”

“ఇదిగో. పొద్దుటి పరుగులో డిస్కులు ఎలా వచ్చాయ్?”

“బానే వచ్చాయ్.”

“బానే అంటే? రంగు మారాయా?”

“ఆ... కొద్దిగా. నీలంగా.”

“నీలంగా వస్తే మాడినట్టేనయ్యా! స్ప్రింగు ఒత్తిడి చాల్లేదు. పట్టుకురా, చూస్తా.”

“ఎందుకులే, నీకు పనుంది.”

“ఏం పని? ఇది బిగించడం అయిపోయింది. పద, కారు దగ్గరికే వస్తా. చెయ్యి పెట్టి చూస్తేగానీ తెలీదు.”

“అబ్బే, దూరం. అవతలెక్కడో పెట్టా.”

“నా మోకాళ్ళు ఇంకా పనిచేస్తున్నాయ్.”

“అంతా మూసేసి తాళం వేసేశా...”

“తీద్దాం.”

“ఓపల్, కూర్చో.”

“ఏమైంది?”

“కూర్చో, చెప్తా. స్ప్రింగు ఒత్తిడి పెంచితే... పెంచితే అప్పుడు వేళ్ళ మీద బరువు ఇంకా తగ్గించాలా?”

“వెర్లన్.”

“ఏంటి?”

“నా మొహం చూసి మాట్లాడు.”

“...కారు లేదు.”

“ఊఁ.”

“అమ్మేశా. మంచు కరగ్గానే. కళ్ళ డాక్టరు ఇక తోలొద్దన్నాడు, లైసెన్సు పోయింది. రోజూ షెడ్డులోకి వెళ్ళి దాని ఎదురుగా కూర్చునేవాణ్ణి, ఎవరో చచ్చిపోయినట్టు. ఇక ఉండబట్టలేక నెబ్రాస్కాలో ఎవరికో ఇచ్చేశా.”

“ఊఁ.”

“తిడతావనుకున్నా.”

“ఎందుకు తిట్టడం?”

“లేని కారుకి క్లచ్ అడుగుతూ ఇంతసేపు నిన్ను కూర్చోబెట్టాగా. టిక్కెట్టు కొనుక్కుని లోపలికొచ్చా ఓపల్, జనంతో పాటు వరసలో నిలబడి. నన్నెవరూ గుర్తుపట్టలేదు. మెట్ల మీద కూర్చున్నా, పక్కన మొగుడూ పెళ్ళాలు, పిల్లలు. వాళ్ళతో ఏం మాట్లాడను? క్లచ్ తప్ప నాకు ఇంకో మాట రాదు.”

“నాకు తెలుసు.”

“ఏం తెలుసు?”

“కారు అమ్మేశావని. కొన్నాయన నాకే ఫోన్ చేశాడు, ఆ క్లచ్ ఎలా సర్దుకోవాలో చెప్పమని.”

“ఎప్పుడు?”

“కొన్న కొత్తల్లోనే.”

“అంటే ఇందాకట్నుంచీ అన్నీ తెలిసే చెప్తున్నావా? డిస్కులూ, బరువులూ, స్ప్రింగులూ...”

“ఆఁ.”

“మరి కారు చూపించమని ఎందుకంత పీడించావ్?”

“నీ అంతట నువ్వే చెప్తావేమోనని.”

“సరే, తెలిసిందిగా. వచ్చినప్పుడే పొమ్మనకుండా ఇదంతా దేనికి నీకు?”

“ఈ టీములో నా పేరే ‘క్లచ్’ అయిపోయింది, వెర్లన్. క్లచ్ ఎక్కడుంది, క్లచ్‌ని పిలవండి, క్లచ్‌కి చెప్పారా... గేలార్డ్ పోయాక ఈ మైదానంలో నన్ను ఓపల్ అని పిలిచినవాడివి నువ్వొక్కడివే.”