నిరుటి మాంసం

ఏంటి కైసా, ఎన్నాళ్లుంటుందంటావా? ఆ దుప్పి మాంసమేనా? మూట ఆ బల్ల మీద పెట్టి కూర్చో, చెబుతా. ముక్కలైతే ఏడాది. గాలి తగలకుండా గట్టిగా చుట్టి ఫ్రీజర్లో పడేస్తే ఇంకొంచెం. కైమా మూణ్ణాలుగు నెలలు, అంతే. కొవ్వు ముందు కంపు కొడుతుంది, దాన్ని కోసి పారెయ్యాలి. ఇందులో అర్థం కానిదేముంది? మా అన్నకి మాత్రం చచ్చేదాకా అర్థం కాలా. ఆర్వో అన్నే, నీకు పెదతాత. నువ్వు చూళ్లేదులే, నువ్వు పుట్టకముందే పోయాడు. నా ప్రాణం తోడేశాడనుకో.

ఆయన పట్టుదల ఏంటంటే, ఫ్రీజర్లో నిరుటిది అయిపోయాకే ఈ ఏటిది ముట్టుకోవాలి. వినడానికి బానే ఉంటుంది. కానీ ఆలోచించు. ఆకులు రాలే రోజుల్లో వేట. దుప్పి పడుతుంది, కోసి వాటాలకి కుప్పలు పోస్తాం, ఒకడు గోడ వైపు తిరిగి నిలబడతాడు, ఇంకొకడు కుప్ప మీద చెయ్యి పెట్టి ఇదెవరికి అంటాడు, వాడు చూడకుండా పేరు చెబుతాడు. నువ్వూ ఇవాళ చూశావుగా. మేమంతా ఇంటికెళ్లి తాజా ముక్క వెన్నలో వేయించుకుని బంగాళాదుంపలతో తింటాం. ఈయన తన కుప్ప పట్టుకెళ్లి ఫ్రీజర్ అడుగున కుక్కి, పైన నిరుటిది సర్దుతాడు. అది తినేసరికి కిందది కాస్తా నిరుటిదై కూర్చుంటుంది. ఈలోగా మళ్లీ వేట. అలా పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో తాజా మాంసం తిన్న పాపాన పోలేదు.

ఒక్క ఏడు ఆ పాతది కుక్కలకి పడెయ్యి అన్నా, ఇంక ఎప్పటికీ కొత్తదే తినొచ్చు అని ఎంత మొత్తుకున్నానో. అడవి ఇచ్చింది పారేస్తామా, మంచులో పెట్టినదానికి ఏమవుతుంది, రుచేం మారదు అనేవాడు. మారదట. అంచులు ఎండిపోయి చెప్పుల అట్టలా ఉండేది. పాపం హెల్వి వదిన దాన్ని మజ్జిగలో నానబెట్టి, పొద్దుగూకేదాకా ఉడకబెట్టి, ఏదో తంటాలు పడేది. ఒక్కసారి తాజాది తినాలనుంది తౌనో అని నాతో అనేదిగానీ మొగుడితో అనదు. అదో రకం మనిషి. వాళ్ల నాన్నా అంతే, చేపలవాడు, ఆయన వలలు... సరే, ఆ సంగతి ఇప్పుడెందుకు.

ఆఖరి ఏడాది అన్న మంచం పట్టాడు. క్రిస్మస్ దాటడం కష్టమన్నాడు డాక్టరు. వేటకి రాకపోయినా మావాళ్లు ఆయన వాటా తీశారు. నేనే మోసుకెళ్లా. అప్పటికి జావ తప్ప ఏదీ దిగట్లేదు ఆయనకి. వాసన చూస్తేనే మొహం తిప్పేసుకుంటున్నాడని వదిన ఏడుస్తోంది. నేను పక్కన కూర్చుని, ఈ ఒక్కసారికీ తాజా ముక్క తిను అన్నా, అని బతిమాలాను. నిరుటిది ఉందిగా అన్నాడు. ఒళ్లు మండింది నాకు. మనిషే పోతుంటే ఇంకా ఫ్రీజర్ వరసేంటి?

వదిన నేను తెచ్చిన మూట అందుకుని వంటింట్లోకి పోయింది. కాసేపటికి వెన్న వాసన. పళ్లెం తెచ్చి ఆయన ముందు పెట్టి, నా వంక చూడకుండా, "నిరుటిదే, తినండి" అంది. చూస్తూనే తెలుస్తోంది ఏ ఏటిదో. చెంచా అంచుకే తెగుతోంది. అన్న ఒక ముక్క నమిలాడు. ఇంకోటి. మెల్లగా పళ్లెమంతా ఖాళీ చేశాడు. చేసి, ఎముక తేలిన వేలు నా మీదకి చూపించాడు.

"చూశావా తౌనో. ఏడాదైంది. ఏమైనా అయిందా దీనికి? నా మాట ఒక్కనాడైనా విన్నావా నువ్వు?"

వదిన అటు తిరిగి నిలబడింది, భుజాలు కదులుతున్నాయి. జన్మంతా వాదించాను, నా మాటే నిజమని ఇప్పుడా పళ్లెమే చెబుతోంది. "నిజమే అన్నా, ఏం కాలా" అన్నాను.

ఆ... బయట నీ కారు దీపాలు వెలుగుతూనే ఉన్నట్టున్నాయి. వెళ్లి ఆర్పు, బ్యాటరీ పోతుంది.