మంచి కవరు

హేగ్ నగరంలో ఒక యుద్ధ నేరాల కోర్టు. రిజిస్ట్రార్ కార్నెయిరో గారికి పదేళ్ళ ఉద్యోగంలో ఇది ఆఖరి శుక్రవారం. ఆయన సహాయకురాలు హిల్కె సంతకాల ఫైలు తెరిచి పక్కన నిలబడింది.

"ఇంకా ఎన్ని?"

"పద్నాలుగు సార్."

"ఇందాక కూడా పద్నాలుగే అన్నావ్."

"ఇందాకటి నుంచి మీరు కిటికీలోంచి చూస్తున్నారు. ఎలా తగ్గుతాయి?"

"వాన చూస్తున్నాను హిల్కె. మా ఊరు కొయింబ్రాలో వాన పైనుంచి కిందికి పడుతుంది. మీ ఊళ్ళో అడ్డంగా వచ్చి మొహం మీద కొడుతుంది. పదేళ్ళలో నాలుగు గొడుగులు విరిగాయి నాకు."

"ఆరు. కొన్నది నేనే. ఇక్కడ పెట్టండి."

"ఏంటిది?"

"అనువాదకుల సెలవులు."

"ఇది?"

"జైల్లో ఉన్న జనరల్ గారి పంటి వైద్యం."

"ఆయనకి పళ్ళింకా ఉన్నాయా?"

"మూడు."

"మూడు పళ్ళకి నా సంతకం."

"నిరుడు ఐదున్నప్పుడు కూడా మీదే."

"సరే, సరే. కాఫీ ఏది?"

"మీ చెయ్యి పక్కనే ఉంది. చల్లారింది."

"బిస్కెట్టు?"

"ఇందాక తిన్నారు."

"ఒక్కటి తిన్నాను. ఆఖరి రోజు కూడా ఒక్కటి ఇచ్చి డబ్బా మూసేస్తావా? మీ దేశంలో కాఫీతో ఒక్క బిస్కెట్టే మర్యాదని నీ దగ్గరే నేర్చుకున్నాను నేను."

"కింద మీ వీడ్కోలు కేకు ఉంది. ఇక్కడ పెట్టండి. ఇంకా కింద. ఆ గీత మీద."

"పెట్టెలు సర్దావా?"

"మూడు. రెండు పుస్తకాలు. ఒకటి చీటీలు."

"చీటీలేంటి?"

"మీ పసుపు చీటీలు. మీరు నోటితో ఏదీ చెప్పరు కదా. రాసి అంటిస్తారు. 'చక్కెర తగ్గించు.' 'ఫ్రెంచి రాయబారి వస్తే నేను లేను.' 'ఈ వాక్యం బాలేదు.'"

"అవన్నీ దాచావా?"

"నియమం సార్. మీ చేతిరాత ఉన్న కాగితం మేం పారెయ్యకూడదు. ఆఖరి రోజు మీకే అప్పజెప్పాలి."

"పెట్టెడు చీటీలు మోసుకెళ్ళి ఏం చేసుకోను? పొయ్యిలో వేస్తాను."

"మీ ఇష్టం. మీ చేతికివ్వడం వరకే నా పని. ఇక్కడ పెట్టండి."

"ఇది... ఇది మళ్ళీ పెట్టావా?"

"పెట్టాను."

"హిల్కె."

"రోజూ పెడుతున్నాను సార్. యాభై మూడు రోజులు. రోజూ మీరు తిప్పేస్తున్నారు."

"రోజూ చివర పెట్టేదానివి. ఇవాళ మధ్యలో పెట్టావ్."

"చివర పెడితే కారొచ్చిందంటారు."

"తిప్పు."

"తిప్పను."

"తిప్పను అంటున్నావా నాతో?"

"ఇవాళ తిప్పితే ఇంక రేపు లేదు సార్. సోమవారం కొత్తాయన వస్తారు. నలభై ఒకటో నంబరు సాక్షి ఎవరని అడుగుతారు. చెప్తాను. నా కాలంలోది కాదంటారు. ఆయన అనేదీ నిజమే."

"నలభై ఒకటి భార్య ఉత్తరం సంగతి నాకు తెలుసు. లీగల్ వాళ్ళు జవాబు వద్దన్నారు. చదివాను."

"మీరు ఉత్తరం చదవలేదు. లీగల్ వాళ్ళు రాసిచ్చిన సారాంశం చదివారు."

"రెండూ ఒకటేగా."

"సారాంశంలో కూతురు లేదు."

"కూతురా?"

"చదవనా?"

"టైమెంతయింది?"

"నాలుగుంపావు. చదవనా?"

"చదువు. పేరు మాత్రం చదవకు. ఈ గదిలో సాక్షుల పేర్లు పలకం."

"పేరు చదవను. 'రిజిస్ట్రార్ గారికి. నా భర్త మీ దగ్గరికొచ్చి సాక్ష్యం చెప్పిన సంగతి మా ఇంట్లో నాకు ఒక్కదానికే తెలుసు. పరాయి దేశంలో ఆపిల్ పళ్ళు కొయ్యడానికెళ్ళాడని అందరికీ చెప్పాం. తిరిగొచ్చాక ఆరు నెలలు ఏమీ కాలేదు. తర్వాత మీ దగ్గర్నించి ఒక కవరొచ్చింది. దాని మీద బంగారు ముద్ర ఉంది. మా ఊళ్ళో ఉత్తరాలు రొట్టెల కొట్లో ఇస్తారు. ఆ కవరు మూడు రోజులు ఆ కొట్టు బల్ల మీదుంది. నా భర్త దాన్ని తెచ్చి చదివి, ఏడ్చి, పొయ్యిలో వేశాడు. పదకొండు రోజులకి...'"

"అది నాకు తెలుసు. వంతెన దగ్గర. అది చదవక్కర్లేదు."

"సరే. 'మా అత్తగారు, బావగార్లు నేనే ఎక్కడో నోరు జారానంటున్నారు. కవరొచ్చిందంటే నమ్మరు. రొట్టెల కొట్టు మనిషి నోరు విప్పడు. నా కూతురికి తొమ్మిదేళ్ళు. దాన్ని వాళ్ళ దగ్గరే ఉంచుకున్నారు. నాన్నని చంపించింది మీ అమ్మే అని దానికి చెప్పారు. నేను మా చెల్లెలింట్లో ఉంటున్నాను. మొన్న బడి దగ్గర నిలబడితే నా కూతురు నన్ను చూసి వెనక్కి తిరిగి పరిగెత్తింది. నాకు మీ నుంచి ఇంకేం వద్దు. ఆ కవరు మీరే పంపారని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి. చూపించుకుంటాను.'"

"అయిపోయిందా?"

"అంతే సార్. ఒకటే పేజీ."

"ఆ మనిషి నాకు గుర్తున్నాడు. నాలుగు రోజులు చెప్పాడు. మధ్యలో నీళ్ళు కూడా అడగలేదు. వెళ్ళేటప్పుడు, సాక్షిని దాచే తెర వెనక నుంచి న్యాయమూర్తులకి వంగి దణ్ణం పెట్టాడు, వాళ్ళకి కనపడడని తెలిసి కూడా. కృతజ్ఞతలు చెప్తూ ఆ ఉత్తరం నేనే కూర్చుని రాశాను. సాక్షుల్లో ఇంకెవరికీ రాయలేదు."

"తెలుసు. నేనే టైపు చేశాను."

"తలుపెవరో కొడుతున్నారు."

"డ్రైవరు డ్రీస్ అయ్యుంటాడు. లోపలికి రా డ్రీస్."

"సార్, కింద అందరూ వచ్చేశారు. కోర్టు అధ్యక్షుల వారు గ్లాసు పట్టుకుని నిలబడ్డారు. ప్రసంగం మొదలెట్టమంటారా అని అడిగారు."

"మీరు లేకుండా మీ గురించి చెప్పడం తేలికేలెండి సార్, మొదలెట్టమనండి."

"చూశావా డ్రీస్, ఈవిడ నోరు. ఐదు నిమిషాల్లో వస్తానని చెప్పు."

"అలాగే సార్. విమానానికి మాత్రం ఆరుకల్లా బయల్దేరాలి."

"తలుపు వేసి వెళ్ళు... హిల్కె, కూర్చో."

"నిలబడతాను."

"సరే, విను. ఇన్నాళ్ళూ ఇది ఎందుకు తిప్పుతున్నాననుకున్నావ్?"

"లీగల్ వాళ్ళు వద్దన్నారని."

"లీగల్ వాళ్ళు వద్దన్నవి వంద చేశాను. నీ కోసం ఆపాను."

"నా కోసమా?"

"ఇది బయటికెళ్తే ఆ కవరులో పెట్టిందెవరని అడుగుతారు. విచారణ వేస్తారు. నీకింకా మూడేళ్ళ సర్వీసుంది."

"రెండేళ్ళ నాలుగు నెలలు."

"అదే. సాక్షుల ఉత్తరాలు మామూలు తెల్ల కవరులో వెళ్ళాలి. ముద్ర ఉండకూడదు, అనుమానం రాకుండా పంపినవారి చోట ఏదో పుస్తకాల కొట్టు చిరునామా ఉండాలి. మొదటి వారం చేరిన పిల్లకి కూడా తెలుసది. నువ్వెలా మర్చిపోయావో నాకింకా అంతుపట్టదు."

"మర్చిపోలేదు సార్."

"మరి? చేతికందింది పెట్టేసి ఉంటావ్. ఆ వారం మీ అమ్మగారు ఆస్పత్రిలో ఉన్నారు."

"అమ్మ ఆస్పత్రిలో ఉన్నది అంతకు ముందు నెల."

"ఏదో ఒకటి. మనసు బాలేదు నీకు. మనుషులం."

"కవరులో పెట్టింది నేనే సార్. నా చేత్తోనే పెట్టాను."

"నేనేమన్నా అన్నానా? ఒక్క మాట అన్నానా ఇన్నాళ్ళలో?"

"అనలేదు."

"నిన్ను అడగనైనా అడగలేదు."

"అవును. అడగలేదు."

"అది నీకు అర్థమవ్వాలి."

"అర్థమైంది సార్. ఇప్పుడు సంతకం పెడతారా?"

"నువ్వు జవాబులో ఏం రాశావో అది చెప్పు ముందు."

"'మీ భర్తకి ఈ కోర్టు బంగారు ముద్ర ఉన్న కవరులో ఉత్తరం పంపిన మాట నిజం. అలా పంపకూడదు. సాక్ష్యం సంగతి ఆ కవరు వల్ల బయటపడింది. మీ వల్ల కాదు. ఈ తప్పు రిజిస్ట్రారు సహాయకురాలిది.' కింద నా పేరు."

"నీ పేరు రాశావా?"

"రాశాను. మనిషి పేరు లేకపోతే వాళ్ళ అత్తగారు నమ్మదు. కోర్టు తప్పు అంటే ఆవిడకేం అర్థమవుతుంది?"

"పేరు తీసెయ్. సహాయకురాలిది అని కూడా వద్దు. 'రిజిస్ట్రారు కార్యాలయానిది' అని మార్చు. మెత్తగా ఉంటుంది."

"మార్చమంటే మారుస్తాను. రెండు నిమిషాల పని. కానీ కార్యాలయం అంటే మీరు కూడా వస్తారు సార్ అందులోకి."

"నేనా?"

"మార్చనా?"

"...విచారణ వేస్తే నన్ను కొయింబ్రా నుంచి పిలిపిస్తారా?"

"పిలుస్తారు. కార్యాలయం అని ఉంటే."

"కిందేంటా చప్పుడు?"

"చప్పట్లు కొడుతున్నారు. మొదలెట్టేసినట్టున్నారు."

"ఉండనీ. అలాగే ఉండనీ. నీ మాటలు, నీ పేరు, నీ ఇష్టం. నేనెవర్ని మార్చడానికి."

"ఇక్కడ పెట్టండి."

"నీలం సిరాతోనేగా?"

"నీలమే. గట్టిగా పెట్టండి సార్, అవతలి వాళ్ళకి కనపడాలి. తేదీ కూడా. ఆ."

"ఇదిగో."

"ఇంకో ప్రతి. ఒకటి చింపేస్తే ఇంకోటుంటుంది ఆవిడకి."

"అన్నీ ఆలోచించి పెట్టుకున్నావ్."

"యాభై మూడు రోజులున్నాయి కదా."

"దీన్నెలా పంపుతావ్? పోస్టులో కాదు కదా?"

"కాదు. అక్కడ మన మనిషి ఒకామె ఉంది. మామూలు సంచీలో పెట్టుకుని చెల్లెలింటికెళ్ళి చేతికిస్తుంది. ముద్ర లోపల కాగితం మీదుంటుంది. పైన ఏమీ ఉండదు."

"నిన్ను తీసేస్తే ఏం చేస్తావ్?"

"సైకిలెక్కి ఇంటికెళ్తాను."

"హిల్కె, నేను నిజంగానే అడుగుతున్నాను."

"నేనూ నిజమే చెప్తున్నాను సార్. ఎనిమిది కిలోమీటర్లు. ఎదురుగాలి."

"నీకు కోపమేమైనా ఉందా నా మీద?"

"లేదు. వెతికాను. ఏమీ లేదు. ఇక్కడ పెట్టండి, ఇది కింది కేకు తాలూకు."

"నా కేకుకి నేనే మంజూరా!"

"ఇవి కూడా. ఇది. ఇది. అయిపోయాయి."

"అయిపోయాయా? పద్నాలుగూ?"

"పద్నాలుగూ."

"హమ్మయ్య. ఒక మాట చెప్తాను విను. నేను చాలా మంది సహాయకుల్ని చూశాను. తప్పు చేసి దాన్ని ఇలా పేరు పెట్టి ఒప్పుకున్న మనిషిని చూడలేదు. కింద నా ప్రసంగంలో ఇది చెప్పలేను, కానీ నిన్ను క్షమించానని ఇక్కడ చెప్పి వెళ్దామనుకుంటున్నాను. బరువు పెట్టుకోకు."

"మంచిది సార్. మీ కోటు."

"గొడుగు?"

"చెయ్యి చాపండి. ఏడోది."

"పెట్టెలు డ్రీస్ తీసుకెళ్తాడుగా. ఇంకేం మిగల్లేదు కదా?"

"ఒకటి మిగిలింది. పెట్టెలో వెయ్యలేదు, చేతికే ఇద్దామని నా సొరుగులో ఉంచాను."

"ఏంటది, బిస్కెట్టా?"

"చీటీ సార్. మీరు నలభై ఒకటికి రాసిన ఉత్తరానికి అంటించి నాకిచ్చింది. 'ఈయనకి తెల్ల కవరు వద్దు హిల్కె, పెద్దమనిషి. మంచి కవరులో పెట్టు' అని రాసుంది. మీ చేతిరాతే. నియమం ప్రకారం మీకు అప్పజెప్పాలి, తీసుకోండి."