నూకితే నడిచే బండి

కొత్తవాడ మలుపులో చంద్రమౌళి షెడ్డు. కార్లకూ ఆటోలకూ వైరింగ్ పని చేస్తాడు. ఆ మధ్యాహ్నం కట్టమ్మ అక్కడొక పాత టైరు మీద కూచుని, తన వాకిట్లో ఐదు నెలలుగా పడివున్న కారు రెండోసారి చక్కర్ కొట్టి రావడం చూసింది. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఎవరి బండో చూస్తున్నట్టే చూసింది.

“మల్ల ఆగలే పెద్దమ్మా. ములుగు రోడ్డు దాక పోయొచ్చిన. ఎన్నపూసోలె నడిచింది.”

“అందరు గదే అంటరు మౌళీ. నీకన్న ముందు ముగ్గురికి చూపెట్టిన. ముగ్గురు తోలి చూసిండ్రు, ముగ్గురు ఏం లేదన్నరు.”

“బ్యాటరీ మంచిగున్నది. ఫ్యూజులు చూసిన. ఏడెక్కితె ఆగుతదేమోనని అర్ధగంట స్టార్టింగుల ఉంచిన. ముంగట వైర్లన్ని పట్టుకొని ఊపిన, నీళ్ళు సుత చల్లిన. ఊహూఁ.”

“అయితె బండిల ఏం లేదన్నట్టేనా?”

“గట్లనలే…”

“ఉంటె ఉన్నదను, లేకుంటె లేదను. ఇయ్యాల నాకు రెండుట్ల ఒకటి తెల్వాలె.”

“గంత తొందరేంది? పందొమ్మిదేండ్ల బండి. ఇసొంటి దోషం దొంగ తీర్గ ఉంటది పెద్దమ్మా. మనం చూస్తానమని తెలిస్తె బయటికి రాదు.”

“శుక్రవారం లగ్గమున్నది.”

“ఎవలిది?”

“నా తమ్ముని బిడ్డది. సదానందం లేడా, గీ బండి వానిదే. బండిల దోషముంటె లగ్గానికి పోత. లేకుంటె వాని గడప తొక్క.”

“బండికి లగ్గానికి ఏం సంబంధం?”

“చాయ్ తాగినవా బిడ్డా?”

“తాగిన. నేనడిగింది…”

“నేను చెప్పుడు మొదలువెడితె నీకు పొద్దుగూకుతది.”

“గూకనియ్యి. బండైతె ఏం చెప్తలేదు, నువ్వన్న చెప్పు.”

“మా ఆయిన ఎరుకేనా నీకు? వెంకట్రాజం. జంపఖానాలు నేస్తడు. నేస్తుండె.”

“ఎందుకెరుక లేదు! మా ఇంట్ల గిప్పటికి ఆయిన నేసిందే పరుస్తరు. నీలంది.”

“నీలం మీద ఎర్రంచు. బతుకమ్మకు వారం ముందు మగ్గం దించిండు. అంచు ఇంకో బెత్తెడు పెట్టుమని మీ అమ్మ మూడుసార్లు తిరిగింది, మూడోసారి చిక్కుడుకాయ తెచ్చిచ్చింది.”

“నీ యాది పాడుగాను, చిక్కుడుకాయ సుత మరువలేదా?”

“ఏదన్న మరిస్తె మంచిగుండు బిడ్డా. గా నేసిన చెయ్యి ఇప్పుడు సూది గుచ్చినా తెల్వదు. మాట వడిపోయింది. చెంచతోటి పోస్తె తాగుతడు.”

“అయ్యో. ఎప్పుడైంది?”

“ఐదు నెలలు. నెక్కొండల మా ఆడిబిడ్డ మొగిలమ్మ ఇంటికాడ ఉంటిమి. పొద్దుగాల పదింటికి మూతి ఒంకర వోయింది. సదానందం ఎంబడే ఉన్నడు. గీ బండిలనే ఎక్కిచ్చుకొని వరంగల్ దవఖానకు బయలెల్లిండు. తొవ్వల ఆరుసార్లు ఆగింది. ఒంటిగంట దాటినంక చేరినం. ‘జర ముందు తెస్తె మాట దక్కునమ్మా’ అన్నడు డాక్టరు.”

“ఇంకో బండిని ఆపకపోయిండ్రా?”

“ఆగినప్పుడల్లా దిగి నూకితె నడువబట్టె. నడిచే బండిని ఇడిసిపెట్టి ఇంకోటి ఎట్లెక్కుతం?”

“నూకింది ఎవలు?”

“ఇంకెవలున్నరు, నేనే. వాడు స్టీరింగు కాడ, ఆయిన ముంగటి సీట్ల.”

“నువ్వొక్కదానివే?”

“ఏం, బలం లేదనుకున్నవా? నలుగురు పిల్లల్ని ఎత్తిన.”

“నలుగురు పిల్లలు వేరు, కారు వేరు. నువ్వు నూకితె జరిగిందా బండి?”

“జరిగేదాక ఏడుండె? నేను చెయ్యి పెట్టుడు, వాడు సెల్ఫు కొట్టుడు, ఇంజను అందుకునుడు. మల్ల ఎక్కుదును. జరంత దూరం పోంగనే ఆగుతుండె.”

“నూకకముందు సెల్ఫు కొడితె తిరుగుతుండెనా?”

“గిర్రగిర్ర తిరుగుతుండె. ఇంజను మాత్రం అందుకోదు.”

“అంటె పెట్రోలు అందుతలేదు.”

“ట్యాంకు నిండుగుండె. ముందటి రోజే పోయిచ్చిండు.”

“ట్యాంకుల ఉంటె సాలదు పెద్దమ్మా. లోపట చిన్న మోటరుంటది, అది ఎత్తి పోస్తెనే ఇంజనుకు పోతది. మోటరుకు కరెంటు రాకుంటె ట్యాంకు నిండున్నా ఒకటే, ఎండినా ఒకటే… సరె, లగ్గం ముచ్చట చెప్పకపోతివి.”

“ఆ పొద్దుగాల్నే బావాబామ్మర్దులకు మాట మాట పెరిగింది. ‘నీది కారు కాదురా, రేకుల డబ్బా’ అన్నడు మా ఆయిన. పదిమంది నవ్విండ్రు. వాని మొఖం మాడింది. ఆ తెల్లారి దవఖాన వరండల నేనన్న.”

“ఏమన్నవు?”

“గంత మంచి రోడ్డు మీద ఆరుసార్లు…”

“ఏమన్నవు పెద్దమ్మా?”

“బావ మీది కచ్చతోటి నువ్వే ఆపినవురా అన్న. నలుగుట్ల అన్న.”

“అన్నందుకు ఆయినేమన్నడు?”

“చెప్పులు తొడుక్కొని పోయిండు. నాలుగొద్దులకు బండి తెచ్చి మా వాకిట్ల నిలవెట్టి, తాళంచెయ్యి గడప మీద పెట్టిండు. ‘అక్కా, దీన్ని ఎవలకు చూపెట్టకు, ఎవలకు అమ్మకు, గిట్లనే ఉండనియ్యి’ అన్నడు. గదే ఆఖరి మాట. తొర్రూరుల లారీ తోలుతాండట. ఏ తప్పు లేనోడు చూపెట్టకు అంటడా? నువ్వే చెప్పు.”

“అనడు. మరి నువ్వెందుకు చూపెడుతానవు?”

“వానికి నాలుగేండ్లున్నప్పుడు మా అమ్మ పోయింది. నా కొంగు పట్టుకొని అత్తగారింటికి నా ఎంబడే వచ్చిండు. మొన్న వాని పెండ్లాం పద్మలత కార్డు తెచ్చి, పసుపు బొట్టు పెట్టి, నిలవడ్డ కాళ్ళ మీదనే పోయింది. విప్పి చదివిచ్చుకుంటె, అందరికన్న మీద నా పేరే ఏపిచ్చిండు.”

“ఊఁ.”

“చదివినంక కడుపుల ఏమన్న అవుతదేమో అని చూసుకున్న బిడ్డా. ఏం కాలే. గందుకే అనుకున్న, మనసు చెప్పనప్పుడు బండినే అడుగుదామని.”

“ఆనాటికంటె ముందు ఎప్పుడన్న ఆగిందా ఇది?”

“రెండుసార్లు. తొర్రూరుల మా చుట్టం యాకమ్మ మనుమరాలి పురుడుకు పోంగ ఒకపారి, మామిడితోట దాటినంక. కాజీపేట టేషన్‌కు పోంగ ఒకపారి.”

“రెండుసార్లు నువ్వున్నవా బండిల?”

“లేకుంటె నాకెట్ల ఎరుక?”

“నువ్వు లేనప్పుడు ఆగలేదా?”

“ఒక్కనాడు ఆగలేదని వాడే చెప్పేటోడు. గదే నాకు అనుమానం పెంచింది.”

“ఇయ్యాల ఎవలు తోలుకొచ్చిండ్రు?”

“పక్కింటి గట్టయ్య. నేను ఆటోల వచ్చిన. గా బండి మల్ల ఎక్కనని ఒట్టు వెట్టుకున్న.”

“ఆ ముగ్గురు మెకానిక్కులు చూసినప్పుడు సుత నువ్వు ఎక్కలే?”

“ఎక్కలే. ఎవలికి వాళ్ళే తోలుకొని పోయొచ్చిండ్రు.”

“నేను సుత ఒక్కన్నే పోయొచ్చిన… పెద్దమ్మా, నువ్వు ఏడ కూసుంటవు?”

“ఎనుక. ఎడమ దిక్కు, కిటికీ పొంటి. ఆనాడు ఆయిన ముంగట ఒరిగిపోతాండని ఎనుకకెల్లి భుజాలు పట్టుకొని కూసున్న.”

“లే జర. బండెక్కు.”

“ఒట్టు వెట్టుకున్ననంటాన కద.”

“లగ్గానికి పోవుడున్నదా లేదా?”

“…చెయ్యియ్యి. మోకాళ్ళు వంగుతలేవు.”

“ఆగు, బండి కిందికి దూరి ట్యాంకు కాడి వైరుకు గీ బల్బు కడుత. వైరు పొడుగున్నది, బల్బు నీ ముంగట పెడుత. ఎలుగుతాన్నంతసేపు మోటరుకు కరెంటు ఉన్నట్టు. ఆరితె లేనట్టు. నువ్వింకేం చూడకు, దీన్నే చూడు.”

“ఎలుగుతాంది.”

“ఇంజను నడుస్తాంది. ఇగ ఎక్కు. ఇంకొంచెం కిటికీ దిక్కు జరుగు. ఆనాటి తీర్గ ముంగటికి వంగి భుజాలు పట్టుకో.”

“ఎవల భుజాలు? సీటు ఖాళీ.”

“ఉన్నడనుకో.”

“ఆరింది.”

“ఇంజను సుత ఆగింది. కదలకు. సెల్ఫు కొడుత… ఇగో, తిరుగుతాంది, అందుకుంటలేదు. దిగు.”

“ఎలిగింది.”

“ఇంజను అందుకున్నది, ఇన్నవా? ఎక్కు.”

“ఆరింది.”

“దిగు. ఒక్కసారే, ఇంకొక్కసారి.”

“ఆరుసార్లు చేసిన బిడ్డా గీ పని. నాకు కొత్త గాదు… ఎలిగింది. అంటె అది నూకుడుతోటి నడువలేదా?”

“కాదు పెద్దమ్మా. నువ్వు దిగుడుతోటి నడిచింది.”

“నా బరువుతోటా?”

“బరువొక్కటే కాదు. సీటు కింద ఏదో ఉన్నది. పక్కకు జరుగు, ఎత్తుత. ట్యాంకు మోటరుకు పొయ్యే వైరు గీ సీటు కిందికెల్లే పోతది, ఈడ్నే దానికి అతుకు… ఇదేంది? పసుపు బట్ట. మూట. బియ్యం, రూపాయి బిళ్ళలు…”

“విప్పకు!”

“విప్పుతలేను. ఎవలది?”

“ముడుపు. వాడు గీ పాత బండి కొని తెచ్చిననాడు ఐలోని మల్లన్నకు కట్టిన. ‘ఎక్కినోళ్ళను సల్లగ ఇంటికి చేర్చు సామీ, ఏడాది తిరిగినంక వచ్చి చెల్లిస్త’ అని. ఎవల కాలు తాకకుంట ఉండాలని నేనే సీటు ఎత్తి పెట్టిన.”

“నువ్వొక్కదానివే పెట్టినవా?”

“ముడుపు పెట్టేటప్పుడు ఎవలకన్న చెప్తరా?”

“సరిగ్గ అతుకు మీదున్నది. మనిషి కూసోంగనే సీటు ముడుపును ఒత్తుతది, ముడుపు అతుకును ఒత్తుతది, లోపటి పిన్ను ఒకపారి ఎంటనే, ఒకపారి జరంత దూరం పోయినంక జారుతది. లేవంగనే మల్ల కలుస్తది.”

“నేనే ఆపిన్నా?”

“నువ్వు కాదు. పాత అతుకు, పిన్నులు వదులైనయి, ఎట్లైనా ఎప్పుడో…”

“దిగినప్పుడల్లా నడిచింది. నేను మల్ల ఎక్కిన. ‘పోనియ్యిరా, జల్ది పోనియ్యిరా’ అని వాని ఈపు మీద కొట్టుకుంట ఎక్కిన.”

“నీళ్ళు తాగు జర.”

“దూప లేదు. ఏం లేదు బిడ్డా. గిచ్చి చూసుకుంటాన, తెలుస్తలేదు. ఆయిన చెయ్యి ఎట్లుంటదో ఇప్పుడు ఎరుకైంది.”

“నేను చెప్పేది ఇను. అతుకు మారుస్త, అర్ధగంట పని. ఎవలడిగినా పాత వైరు తెగిందని చెప్త. అబద్ధం సుత కాదు. ముడుపు సంగతి నీకు నాకు తప్ప మూడో మనిషికి తెల్వదు. నువ్వు నిమ్మలంగ లగ్గానికి పో.”

“నింద నలుగుట్ల ఏసి, తప్పు నీ షెడ్డుల దాసిపెట్టి పోవాన్నా? వానికి ఫోను కలుపు.”

“ఇప్పుడా? లగ్గం పనులల్ల ఉంటడు.”

“కలుపు మౌళీ. నంబరు నేను చెప్త, నోటికొచ్చు. నాకు ఇనవడేటట్టు పెట్టు.”

“చెప్పుడైతె నువ్వే చెప్పాలె.”

“నువ్వు మొదలువెట్టు. నాకు నోరు పెగిలినంక నేనందుకుంట.”

“పోతాంది… హలో, సదానందమన్ననా? నేను కొత్తవాడ చంద్రమౌళిని, కార్ల కరెంటు పని చేస్త. నీ బండి మా షెడ్డుల ఉన్నది.”

“నా బండా? ఎవలు తెచ్చిండ్రన్నా? మా అక్కనా?”

“ఆఁ, ఆమెనే. చూసిన, ఇగో దోషం…”

“అన్నా, నీకు దండం పెడుత, బండిల ఏ దోషం లేదని చెప్పు, సదానందమే ఆపిండని చెప్పు. దవఖానకెల్లి పోయినంక ఎతికిన, ఎనుక సీటు కింద ముడుపున్నది, కట్టినోళ్ళే విప్పాలని నేను ముట్టలే… అక్కకు మాత్రం చూపెట్టకు.”