చర్ల దారిలో పికప్ బండి

నా పేరు బానోతు రుక్మిణి. భర్త దేవ్లా. వయసు ముప్పై నాలుగు. వ్యవసాయం చేస్తాను. పాల్వంచ దగ్గరి తండాలో ఉంటాము. ఈ రోజు, 2024 ఆగస్టు 14న, చర్ల పోలీస్ స్టేషన్‌లో మహిళా కానిస్టేబుల్ వనజ గారి ఎదుట, ఎస్సై గారు అడగగా చెబుతున్న వాంగ్మూలం ఇది.

నా భర్త పెళ్లికి ముందు నుంచి ఇతరుల లారీలు నడిపాడు. సొంత బండి ఉండాలని ఆయన ఆశ. జూలైలో నాగరాజు అనే మనిషి మా ఇంటికి వచ్చాడు. వంతెన పనులకు జనరేటర్లు చేరవేసే కాంట్రాక్టరునని చెప్పాడు. బరువు ట్రాలీని లాగే పికప్ కొంటే ఏడాది పొడవునా తానే కిరాయి ఇస్తానన్నాడు.

ఈ నెల 9వ తేదీ పాల్వంచలో పాత బండ్లు అమ్మే చోటికి ముగ్గురం వెళ్లాము. నా భర్తకు ఒక చిన్న తెల్ల బండి నచ్చింది. నాగరాజు దాన్ని చూడనే లేదు. రెండు వరుసల సీట్లున్న ఫోర్ వీల్ డ్రైవ్ బండి కిందికి వెల్లకిలా దూరి, వెనక హుక్కు బిగించిన చోట చేత్తో తట్టి చూశాడు. తెల్ల చొక్కాకు బురద అంటింది. తుడుచుకోలేదు.

నా భర్త, "లాగుడొక్కటే కాదన్నా, దిగుడుల ఆపాలె. ట్రాలీకి బ్రేకులున్నయా? బరువెంత?" అని అడిగాడు.

"నీకు దిగుడు తగలదు, అంతా ఎక్కుడే," అన్నాడు నాగరాజు. తర్వాత అమ్మే ఆయన వైపు తిరిగి, "బరువుతోటి వాగుల నుంచి పైకొస్తదా? బురదల జారదా?" అని అడిగాడు.

నా భర్త నవ్వి, "జనరేటర్ వాగుల ఎందుకుంటదన్నా?" అన్నాడు. నాగరాజు నవ్వలేదు. ఆ బండే తీసుకున్నాము. మంచి బండి.

11వ తేదీ ఆదివారం మొదటి కిరాయి. టైర్లకు పసుపు రాసి, నిమ్మకాయలు పెట్టి నేనూ ఎక్కాను. దారి చూపడానికి నాగరాజు ముందు సీట్లో కూర్చున్నాడు. చర్ల దాటి కొంత దూరం పోయాక తారు రోడ్డు అయిపోయింది. మధ్యాహ్నం వాగు ఒడ్డున టార్పాలిన్ కప్పిన ట్రాలీ కనబడింది. దాని మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. అప్పుడే కోసిన టేకు వాసన వచ్చింది. నా భర్త టార్పాలిన్ ఎత్తి చూశాడు. అన్నీ దుంగలే.

"ఇది నేను తోల. నాకు పిల్లలున్నరు," అన్నాడు.

నాగరాజు గొంతు పెంచలేదు. "అక్క ఎన్కల సీట్ల మావోళ్లతోటి కూసుంటది. నువ్వు మంచిగ తోలు," అన్నాడు.

నన్ను తలుపు పక్కన కూర్చోబెట్టారు. నా పక్కన ఆ ఇద్దరు. ముందు నాగరాజు. బండి వాగులోంచి పైకి ఎక్కింది. ట్రాలీ వెనక్కి గుంజుతుంటే ముందు చక్రాలు తేలుతున్నట్టు అనిపించింది. నా భర్త రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా మా లంబాడీ భాషలో, గట్టు మీద బండి నెమ్మదిస్తుంది, దూకి పారిపో అన్నాడు.

"ఏందది?" అన్నాడు నాగరాజు.

"నీళ్లు తాగుమన్న," అన్నాడు నా భర్త.

నేను దూకాను. ముళ్లలో పడ్డాను. లేచి పరుగెత్తాను. వెనక్కి చూస్తే, బండి ముందుకు పోకుండా నా భర్త స్టీరింగ్ తిప్పేశాడు. ట్రాలీ దారికి అడ్డంగా నిలబడింది. ఆయన నా పేరు పిలవలేదు. అరిచాడు, అంతే. నేను ఆగలేదు.

పోడు చేనులో కలుపు తీస్తున్న జంపక్క, ఇంకా నలుగురు ఆడవాళ్లు నాతో వచ్చారు. వాళ్లను చూసి ఆ ముగ్గురూ అడవిలోకి పోయారు. నా భర్త బండి పక్కన పడి ఉన్నాడు. తల పగిలింది. జాకీ రాడ్డు అక్కడే ఉంది. బండికి ఒక్క గీత కూడా పడలేదు. అది మంచి బండి. మేము ఆయన్ని ట్రాక్టరులో దవాఖానాకు తీసుకుపోయాక, పోలీసులు వచ్చేలోపు వాళ్లు ట్రాలీని మాయం చేశారు. జంపక్క చూసింది. ఆమెను అడగండి.

నా భర్త ఇంకా కళ్లు తెరవలేదు. నిన్న నాగరాజు భద్రాచలం దవాఖానాకు వచ్చాడు. మంచం మీది దుప్పటి సర్దాడు. "బ్రేకులు ఫెయిలైనయని చెప్పు అక్కా. రేపు టేషన్‌కు నేనే తోల్కపోత," అన్నాడు. "సరే అన్నా," అన్నాను.

ఈ రోజు నాగరాజే తన కారులో నన్ను ఇక్కడికి తెచ్చాడు. ఎదురుగా టీ కొట్టులో కూర్చుని ఈ తలుపు వైపే చూస్తున్నాడు. వెనక సీట్లో నా పక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకడు ఇప్పుడు నా భర్త మంచం దగ్గర ఉన్నాడు. అందుకే మొదట దవాఖానాకు ఫోన్ చేయమని ఎస్సై గారిని అడిగాను. చేశారు.

ఇది నాకు చదివి వినిపించారు. నేను చూసింది, విన్నదే ఇందులో ఉంది. ఈ మాటలు నాతో ఎవరూ చెప్పించలేదు. మంచం దగ్గరి మనిషిని పట్టుకున్నారని, నా భర్తకు ఊపిరి ఆడుతోందని భద్రాచలం నుంచి ఫోన్ వచ్చాకే సంతకం పెడుతున్నాను.

(సంతకం) బానోతు రుక్మిణి