రేపటి బ్లాకుల్ని నిన్ననే లాగినవాడు

ఖాయ్ మాట మొదలుపెడితే దియెమ్ గ్లాసులో ఐసు కరిగి నీళ్లయిపోయేది. ఆమె ఉద్యోగంలో చేరి మూడు వారాలే. అతను చెబుతుంటే కంప్యూటరు తెర మీద పాకే అక్షరాలన్నీ సైగాన్ నది మీద దీపాల్లా కనిపించేవి ఆ పిల్లకి.

ఆ మధ్యాహ్నం ఆఫీసు ఎదుటి సందులో, తూ పెద్దమ్మ టీ బండి దగ్గర, మోకాలెత్తు ప్లాస్టిక్ పీటల మీద కూర్చున్నారు. ఆఫీసు పెద్ద హాంగ్ అక్క మాటిమాటికీ ఫోను చూసుకుంటోంది. డాక్‌లాక్ కాఫీ రైతులు పొద్దున్నే బస్సెక్కారు, నాలుగింటికి దిగుతారు. వాళ్ల ప్రతి బస్తా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో బ్లాక్‌చెయిన్‌లో, బ్లాకులనే పేజీలు గొలుసుగా పేర్చిన కంప్యూటరు ఖాతాలో, రాసి ఉంది. దాన్ని తవ్వి జాబితాగా చూపించకపోతే వచ్చే పంట ఇంకో కంపెనీ పాలు. తవ్వే పని ఖాయ్‌ది.

"పని అయిపోయిందా ఖాయ్?"

"అయిపోవడమేంటక్కా, నిన్న పొద్దున కూర్చున్నాను, బొమ్మల్లేవు, బొత్తాల్లేవు, ఉత్త నల్ల తెర, కమాండ్ కొడితే పని, లేకపోతే లేదు. మామూలోళ్లకి తవ్వే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోడానికే రెండు రోజులు పడుతుంది, నాకు ఒక్క గ్లాసు టీ పట్టింది. తర్వాత ఏమైందనుకున్నారు?"

"ఏమైందన్నా?" అంది దియెమ్.

"ఏం చెప్పను చెల్లీ. కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయాయి. మిషను ఎంత వేడెక్కిందంటే పక్కింటావిడ దాని మీదే గుడ్డు వేయించుకుపోయింది."

"ఒకటేనా?" అంది తూ పెద్దమ్మ, పొద్దుతిరుగుడు గింజలు పొట్లం కడుతూ.

"పన్నెండు, పెద్దమ్మా. సందంతా తిన్నారు. అంతలో వీధి దీపాలు మినుకుమినుకుమన్నాయి, ఊరి కరెంటంతా నా గదిలోకే వస్తోందిగా మరి. బ్లాకులు ఒకదాని తోక ఒకటి పట్టుకుని వచ్చి పడుతున్నాయి. సింగపూర్ నుంచి ఎవరో ఫోన్ చేసి, 'బాబూ, కాస్త మెల్లిగా లాగు, మాక్కూడా కొంచెం మిగుల్చు' అని ఏడుపు. నేను వింటేగా? మొదటి బ్లాకు నుంచి ఇవాళ్టి దాకా ఊడ్చేశాను. చెయ్యి ఆగక రేపటి బ్లాకులు కూడా నిన్ననే లాగేశాను."

దియెమ్ అడగాలా వద్దా అని కాసేపు గ్లాసు తిప్పింది.

"అన్నా, తప్పయితే ఏమనుకోకు. పొద్దున నీ ఫోల్డరు తెరిచాను, ఆ బస్తాల్ని నా కళ్లతో చూద్దామని. అందులో అన్నీ పిల్లులే ఉన్నాయి."

హాంగ్ ఫోను దించింది. "పిల్లులా?"

"బొమ్మ పిల్లులక్కా, ఏది ఎవరు కొన్నారో ఆ జాబితా. ప్రాజెక్టు మొదలెట్టేటప్పుడు ఎవరి లెక్కలు తవ్వాలి, ఏ కాంట్రాక్టు చిరునామా అని ఆ సాఫ్ట్‌వేర్ అడుగుతుంది కదా. ఏమీ రాయకుండా ఎంటర్ కొడితే తన దగ్గరున్న నమూనా పెట్టేసుకుంటుంది. ఆ నమూనా పిల్లి బొమ్మల అంగడిది." అతనేదో గొప్ప కారణం చెబుతాడని ఇంకా ఆశగానే చూస్తోంది.

"బస్తాల్లో ఎలకలు పడ్డాయేమోలే, పట్టడానికి తెచ్చుంటాడు," అంది తూ పెద్దమ్మ.

"అయినా నాలుగు లక్షల పిల్లుల్ని ఒక్క పూటలో..." అన్నాడు ఖాయ్.

"ఖాయ్," అంది హాంగ్. అంతే.

రెండు దాటింది. ల్యాప్‌టాప్ తెచ్చి దియెమ్ ఒళ్లో పెట్టింది హాంగ్. రైతు సంఘం కాగితం మీద అచ్చయిన చిరునామా ఖాయ్ చేతికిచ్చింది. "నువ్వు చదువు. దియెమ్ కొడుతుంది."

"సున్నా," అన్నాడు ఖాయ్, గొంతు సవరించుకుని. "ఎక్స్. ఏడు. బి. మళ్లీ ఏడు..."

మొదటి బస్తా వివరాలు తెర మీద పడేసరికి మూడుంపావు. ఆ రోజు ఖాయ్ నోట వచ్చిన మాటల్లో నిజమంటూ ఉన్నది ఆ చిరునామాలోని నలభై రెండు అక్షరాలే.