బొగడబంతి మడి

అయ్యో, ఆ గొలుసు అలా పక్కన పెట్టి కాస్త కూర్చోండి సర్వేయర్ గారూ. కొలుద్దురుగాని, నేనేమన్నా వద్దన్నానా? మడి ఎక్కడికీ పారిపోదు. కాఫీ వద్దా? సరే, మీ ఇష్టం. కానీ నా మాట వినకుండా గొలుసు లాగడానికి మాత్రం వీల్లేదండి.

ఏంటీ? మడి తన వాటాలోదనీ, పూలమొక్కలు నేను దొంగతనంగా పీకేశాననీ అర్జీ పెట్టిందా మా తోడికోడలు పెద్దింట్లమ్మ? దొంగతనం ఏంటండీ! పట్టపగలు, ఇదిగో ఇక్కడే పీటేసుక్కూచుని ఒక్కో మొలకా గిల్లి పారేశాను. గోడ మీంచి ఆవిడ చూస్తూనే ఉంది.

బొగడబంతులండి. ఆవిడ కాపరానికొచ్చిన ఏడాది చల్లిందిట. ఆ తరవాత ఎవరూ చల్లలేదు. చల్లక్కర్లేదు కదా! పువ్వు ఎండితే గింజ రాలుతుంది. తొలకరి పడిందంటే చాలు, దుబ్బుల్లా లేచి కూచుంటాయి.

నాలుగేళ్ళ కిందట, ఆ పెద్ద తుఫాను వెళ్ళాక, అన్నదమ్ములిద్దరూ పంచుకున్నారు. ఈ పెరడు మా వాటాకొచ్చింది. మరి పూలూ మావే కదండీ? ఆవిడకి అలా తోచలేదు. తెల్లారేసరికి సజ్జ పట్టుకుని, మా తడిక తోసుకుని వచ్చేసేది. నేను ముగ్గేస్తూ ఉంటే నన్ను దాటుకుని వెళ్ళి కోసుకుని, మళ్ళీ నన్ను దాటుకునే పోయేది. ఒక్క మాట లేదు! నేను మనిషినా, ముగ్గుచిప్పనా?

ఒక ఏడాది ఓర్చుకున్నాను. ఇహ లాభం లేదు, మొక్కే లేకుండా చేస్తాననుకున్నాను. అన్నీ పీకించి మట్టంతా గుల్లగా తవ్వించాను. అదే నా తెలివితక్కువ! లోపల పడున్న గింజలన్నీ పైకొచ్చి, వానకి రెట్టింపు మొలిచాయి. ఆవిడ సజ్జ చాలక పళ్ళెం కూడా తెచ్చుకుందండీ!

మరుసటేడు పార ముట్టుకోలేదు. రెండాకులు వేస్తే చాలు, గిల్లేశాను. నా కళ్ళు తప్పించుకుని పూసినవాటిలో, ఆవిడ కోయగా మిగిలినవన్నీ, ఎండకముందే తుంచి పొయ్యిలో పడేశాను. ఎండాకాలంలో మడి మీద గడ్డి మందంగా పరిచి, పైన యూరియా సంచులు కప్పి, అంచులకి ఇటుకలు పెట్టాను. "గింజలతో యుద్ధం ఏంటే సత్యకుమారీ" అని మా ఆయన నవ్వారు. నవ్వనీండి! ఈ ఏడు ఆషాఢం వెళ్ళిపోయింది, ఒక్కటంటే ఒక్క మొలక లేవలేదు. నేనే గెలిచాను.

గెలిచి ఏం బావుకున్నాననా?

అడిగారు కాబట్టి చెబుతున్నాను. పూలు లేకపోతే నన్నడుగుతుందనుకున్నానండి. "పూలేవే సత్యం?" అంటుందనుకున్నాను. నాలుగు తిట్టినా బాగుండును. తడిక దాకా వచ్చింది, మడి కేసి చూసింది, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. మర్నాటినించీ రావులపాలెం నించి పూలు తెప్పించుకుంటోంది. ఆఖరికి నోరు విప్పింది ఎవరి దగ్గర? మీ ఆఫీసు దగ్గర!

అసలు మాటలెందుకు పోయాయా? అదీ రాసుకుంటారా? రాసుకోండి, నాకేం భయం!

పంపకాల నాడు పెద్దమనుషుల ముందు, పెరడు తనకి కావాలందావిడ. అదొక్కటే అడిగింది. "పిల్లల్లేనిదానివి, నీకు పెరడెందుకక్కయ్యా" అన్నాను. అవునండి, నేనే. ఎవరూ నూరిపోయలేదు, ఈ నోటితో నేనే అన్నాను. ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది. పెరడు నాకొచ్చింది.

క్షమించమని అడగమంటారా? మీకేం, ఎన్నయినా చెబుతారు! మూడేళ్ళు నా పక్కనించే నడిచింది. చెయ్యి చాపితే చెంగు అందేది. ఏ పొద్దున్నయినా పట్టుకుని ఆపొచ్చు. ఆపలేదు. ఇప్పుడు ఆవిడ ఇటు రావాల్సిన పని లేకుండా నేనే చేశాను. ఇంక ఆ గడప నేనెక్కనండి. ఎక్కి ఏమనాలి?

లేవండి, కొలవండి. మడి నాదేనని తేలుతుంది లెండి. ఏం చేసుకుంటానా? వంగనారు పోసుకుంటాను.